చెదలు చూసిన సీరియల్

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు బళ్లో అందింది. ఎనిమిదో తరగతి హాజరు పిలుస్తున్నాను. వికారాబాద్‌లో ఆయన అద్దెకున్న ఇంటి యజమానురాలు ఫోన్ చేసింది. "సారు పొద్దుగాల పాలప్యాకెట్ తీస్కోలేదమ్మా. కిటికిలకెళ్లి చూసిన. కుర్చీల కూసున్నట్టే ఉన్నడు. పిలిస్తే పలుకుతలేడు" అన్నది. ఆ తర్వాతి మాట ఆమె అనలేదు, నేనూ అడగలేదు. మిగిలిన పేర్లు పిలవడం పూర్తి చేసి, హెడ్మాస్టర్‌కు చెప్పి, తాండూరు స్టేషన్‌కు నడిచి వెళ్లాను. మిగిలిన పేర్లు ఎందుకు పిలిచానో ఇప్పటికీ నాకు తెలియదు.

ప్రతి ఆదివారం ఆయన్ని చూడడానికి అదే బండిలో వెళ్లేదాన్ని. ఆ రోజు ఆదివారం కాదు గనక పెట్టెలో తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ధారూరు దాటేదాకా ఏడుపు రాలేదు. వచ్చాక ఆపుకోవడానికి కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎదుటి సీటులో ఒకామె బిడ్డకు అరటిపండు తినిపిస్తూ నన్ను చూసి, ఏమీ అడక్కుండా నాకూ ఒక పండు ఇచ్చింది. దాన్ని పట్టుకునే వికారాబాద్‌లో దిగాను.

అంత్యక్రియలకు మేం ఎనిమిది మందిమి. నేను, మా ఆయన, తాండూరులో పప్పుమిల్లు చూసుకునే మా అన్న, వాళ్ల ఇద్దరు కొడుకులు, ఇంటి యజమానురాలు, ఆమె భర్త, చిన్నాయన సీరియల్‌లో తాత వేషం వేసిన రిటైర్డ్ రైల్వే గార్డు. గార్డుకు ఇప్పుడు తొంభై దగ్గర. ఆయన్ని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో మూడు లైన్ల వార్త వచ్చింది. "కందిపప్పు వ్యాపారి మృతి" అని. చిన్నాయన మిల్లు వదిలేసి నలభై ఏళ్లు దాటింది. బతికుంటే ఆ మూడు లైన్లను వారం రోజులు వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించేవాడు. ఒక్కో సారికి ఒక్కో గొంతుతో.

అందుకే ఇది రాస్తున్నాను. మా చిన్నాయన పప్పు వ్యాపారి కాదు. టీవీకి నవ్వులు రాసినవాడు, వాటిని సొంతంగా తీసినవాడు. కొందరికైనా ఆయన సీరియల్ గుర్తుండి ఉంటుంది. కానీ చూద్దామంటే ఇప్పుడు ఎక్కడా లేదు. లేకపోవడానికి కారణం నేను. ఆ సంగతి ముప్పై ఏళ్లు ఆయన దగ్గర దాచిపెట్టాను. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు, మీరున్నారు.

చిన్నప్పుడు మా మిల్లులో కందులు చెరిగే ఆడవాళ్లు పదిహేను మంది దాకా ఉండేవాళ్లు. మా నాన్న గద్దె మీద కూర్చుంటే, ఆయన తమ్ముడు ఈ చిన్నాయన ఆ ఆడవాళ్ల మధ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. చేతిలో పాత క్యాలెండర్ కాగితాలు. వాటి వెనక ఆయన రాసుకున్న నాటికలు. మొదట రేడియోకు రాసేవాడు, పావుగంటవి. రాసింది ఎవరికి పంపినా ముందు ఈ ఆడవాళ్లకు చదివి వినిపించాల్సిందే. వాళ్లు చేటలు చెరుగుతూ వినేవాళ్లు, ఆయన చదువుతూ వాళ్ల మొహాలు కాదు, చేతులు చూసేవాడు.

నాకు పదేళ్లప్పుడు అడిగాను, అట్ల చేతులెందుకు చూస్తవని.

"నవ్వు మర్యాదకు గూడ నవ్వుతరు బిడ్డా. గద్దె మీద మీ నాయిన ఉన్నడు, నేను ఆయన తమ్మున్ని, నవ్వకపోతే బాగుండదని నవ్వుతరు. చెయ్యి మర్యాదకు ఆగదు. చేట ఆగిందనుకో, గా మాట ఉండాలె. ఆగలేదనుకో, కొట్టేసుడే."

అన్నట్టే కొట్టేసేవాడు, అక్కడికక్కడే, పెన్సిల్‌తో. కొన్నిసార్లు అందరూ పడీ పడీ నవ్విన మాటను కూడా కొట్టేసేవాడు. మా నాన్నకు ఇదంతా చిరాకు. చేటలు ఆగితే పప్పు ఎట్లా అవుతుందని ఆయన బాధ. అన్నదమ్ములు దీని మీద ఎప్పుడూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఒక రోజు చిన్నాయన ముక్కాలిపీట తీసుకుని వికారాబాద్ వెళ్లిపోయాడు. పీట మాత్రం ఎందుకు తీసుకెళ్లాడని మా అమ్మ చాలా రోజులు అడిగింది.

వికారాబాద్‌లోనే ఒక పాత ఇల్లు మాట్లాడుకుని, హైదరాబాద్ నుంచి కెమెరా అద్దెకు తెచ్చి, సీరియల్ తీశాడు. పదమూడు వారాలు, వారానికి అరగంట. వేషాలు వేసిన వాళ్లలో ఒక్కరూ సినిమా మనుషులు కారు. రైల్వే గార్డు, బ్యాంకు గుమాస్తా, ఇద్దరు టీచర్లు, బస్టాండు దగ్గర మిర్చిబజ్జీలు వేసే ఆమె. ఎవరికి ఎప్పుడు డ్యూటీ లేకపోతే అప్పుడు వాళ్ల సీను. కథ రాసింది ఆయన, మాటలు ఆయనవి, నిర్మాత ఆయన, మధ్యాహ్నం అందరికీ పులిహోర కలిపేది కూడా ఆయనే.

కథ ఏమంటే, ఒక వీధిలో ఒక్క ఇంటికే ఫోన్ ఉంటుంది. అది ఒక పప్పు వ్యాపారి ఇల్లు. వీధి మొత్తానికీ వచ్చే ఫోన్లు ఆ ఇంటికే. ఫోన్ ఎత్తేది ఇంట్లో ముసలి తాత. ఆయనకు ఒక జబ్బు, ఎవరికీ చెడు కబురు చెప్పలేడు. అవతలి నుంచి ఎంత చెడ్డ సంగతి వచ్చినా, దాన్ని ఏదో ఒకటి చేసి మంచి సంగతిగా మార్చి వీధిలోవాళ్లకు అందిస్తాడు. ఉద్యోగం పోయిందని ఫోన్ వస్తే సెలవు దొరికిందని చెబుతాడు. సంబంధం తప్పిపోయిందంటే వాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారంటాడు. తర్వాత ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంటిల్లిపాదీ అరగంట సేపు పడే పాట్లే సీరియల్. దానికో పేరుంది గాని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ అది ఫోన్ సీరియల్. అది వచ్చే సాయంత్రం తాండూరులో నాపరాళ్ల పాలిష్ మిషన్లు అరగంట ఆగేవి.

మా అత్తగారి ఊరు సేడం. కర్ణాటక అయినా పొడుగాటి యాంటెనా వేసుకుని హైదరాబాద్ టీవీ చూసేవాళ్లు. మా అత్తకు తెలుగు సగమే అర్థమయ్యేది, అయినా ఆ సీరియల్‌కు నవ్వేదట. తాండూరులో నా సంబంధం మాట వచ్చినప్పుడు, ఫోన్ సీరియల్ రాసినాయన అన్న బిడ్డ అంటే మొదట ఆమే సరేనన్నది. చిన్నాయన రాసినదాని వల్ల ఆయనకు ఏం వచ్చిందో గాని, నాకు మొగుడు వచ్చాడు.

ఇక్కడ ఆ రోజుల పద్ధతి ఒకటి చెప్పాలి. షూటింగ్‌కు వాడే పెద్ద టేపులు దొరకడం కష్టం. టీవీలో వచ్చేసిన వారం మీదనే మళ్లీ వచ్చే వారంది తీసేవాళ్లు. చిన్నాయన కూడా అంతే చేశాడు. అందుకని సీరియల్ అయిపోయేసరికి ఆయన దగ్గర మిగిలింది ఇంట్లో టీవీకి వీసీఆర్ పెట్టి పట్టుకున్న మూడు వీడియో క్యాసెట్లు. మొత్తం పదమూడు వారాలూ ఆ మూడింటిలో. క్యాసెట్టుకు ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని విరిచేస్తే, ఆ కంతను మళ్లీ ప్లాస్టర్ వేసి మూస్తే తప్ప, ఇక దాని మీద ఏదీ రికార్డు కాదు. ఆయన మూడింటికీ విరిచాడు. తను అద్దె గదులు మారుతూ ఉంటాడు గనక తాండూరులో మా ఇంట్లో పెట్టాడు, నా పుస్తకాల అల్మారాలో. "నీ దగ్గరుంటే నాకు ఫికర్ లేదు బిడ్డా" అన్నాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను.

నా పెళ్లి తాండూరులోనే, ఒక కల్యాణ మండపంలో. సేడం నుంచి పెళ్లివారి బండి ఆలస్యమైంది. వీడియో తీసే ఆయన పనిమంతుడు, ఖాళీగా ఉండలేక వంటలు, పందిరి, చుట్టాలు, ఎదురుచూపులు అన్నీ తీసుకుంటూ పోయి, పెళ్లికొడుకు మండపంలో అడుగుపెట్టేసరికి తెచ్చుకున్న క్యాసెట్లు అయిపోయాయి. ఊళ్లో ఆ రోజు బందు. ఒక్క షాపు తెరిచిలేదు. మా అమ్మ పరేషాన్ అయి నా దగ్గరికి వచ్చింది. నేను బాసికం కట్టుకుని కూర్చున్నాను.

"వీడియో ఆగిపోతదట బిడ్డా. వాళ్లు ఏమనుకుంటరో ఏమో" అన్నది.

"నా అల్మారల క్యాసెట్లున్నయి, తెప్పియ్యి" అన్నాను.

తెలియక అనలేదు. అవి ఎవరివో, వాటిలో ఏముందో నాకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్లు నాకు. నా పెళ్లి వీడియోలో ఉండాలి, అంతే. ఒక్కటి చాలుతుందిలే, ఏవో నాలుగైదు వారాలు పోతాయి, మిగిలినవి ఉంటాయి కదా అనుకున్నాను. అమ్మ మనిషిని పంపి మూడూ తెప్పించింది. మూడూ అయిపోయాయి. అప్పగింతల దాకా తీశాడు వీడియో ఆయన.

ఆ పెళ్లి క్యాసెట్లు నేను ఎన్నడూ చూడలేదు. చూద్దామని మా ఆయన అన్నప్పుడల్లా ఏదో పని కల్పించుకున్నాను. ఆ తర్వాత వీసీఆర్‌లే పోయాయి, నాకు బెంగ తీరింది.

పెళ్లయిన ఏడో నెలలో పుట్టింటికి వచ్చినప్పుడు చిన్నాయన వచ్చాడు. అల్మారా వైపు చూసి, క్యాసెట్లు ఒకసారి ఇయ్యి బిడ్డా అన్నాడు. నేను ముందే అనుకుని పెట్టుకున్న మాట గబగబా చెప్పేశాను.

"చెదలు పట్టినయి చిన్నాయనా. అమ్మ పారేసింది."

ఆయన నన్ను చూశాడు. అల్మారాను చూశాడు. అది ఇనుప అల్మారా. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకున్నాడు.

"పోనీ తియ్యి. చెదలన్న పదమూడు వారాలు విడువకుంట చూసినయి" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత ఆయన చాలా పనులు చేశాడు. పండగలకు వచ్చే హాస్య కార్యక్రమాలకు చిన్న చిన్న తునకలు రాశాడు. రోజువారీ సీరియళ్లు మొదలయ్యాక ఒకదానికి మాటలు రాయమని పిలిచారు. అందులో రోజూ ఎవరో ఒకరు ఏడవాలి. నెల రోజులు రాసి మానేశాడు. ఎందుకు మానేసినవని అడిగితే, "ఏడిపిచ్చుడు మస్తు అల్కగ ఉన్నది బిడ్డా. కూసుంటే పేజీలకు పేజీలు వస్తున్నది. గందుకే భయమై బందు వెట్టిన" అన్నాడు. ఆ తర్వాత స్టేజి మీద ఒకరినొకరు ఎత్తిపొడుచుకునే కామెడీ వచ్చింది. లావుగా ఉన్నవాణ్ని లావు అని, నల్లగా ఉన్నవాణ్ని నలుపు అని. దానికీ పిలిచారు. వెళ్లి ఒక పూట కూర్చుని లేచి వచ్చాడు. వాళ్లను ఒక్క మాట అనలేదు. తనకు రాదు అని మాత్రం అన్నాడు.

ఒకసారి మాత్రం ఆయన నిజంగా ఆశ పడ్డాడు. ఫోన్ సీరియల్‌ను మళ్లీ, కొత్తగా తీద్దామని ఒక చానల్ వాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యాలెండర్ కాగితాలు అట్టల ఫైల్లో పెట్టుకుని పొద్దున బండికి పోయాడు. ఆ ఆదివారం నాకు చెప్పాడు, ఎప్పటిలాగే ఎవరి గొంతు వాళ్లదిగా.

"గాడ కూసున్న పోరగాడు ఇరవై అయిదేండ్లుంటయి. మంచిగనే మాట్లాడిండు. సార్, పాతది ఒక ఎపిసోడ్ చూపియ్యుండ్రి, చూసినంక చెప్తం అన్నడు. లేదన్న. ఏమైంది సార్ అన్నడు. చెదలు తిన్నయన్న. రూములున్న అందరు నవ్విండ్రు. గింత మంచి డైలాగు నేను జిందగీల రాయలేదు."

చెప్పి ఆయన ఎదురుచూశాడు, నేను నవ్వుతానని. నేను గిన్నెలు కడుగుతున్నాను. నల్లా అలాగే తిప్పి ఉంచి, ఆయన వైపు తిరగకుండా నిలబడ్డాను. ఆ రోజు చెప్పేసి ఉండాల్సింది. నేను రాస్తున్న ఈ కాగితం అంతా ఆ రోజు నోరు తెరవనందుకే.

చివరి ఏళ్లలో ఆయనది అనంతగిరి వైపు పోయే రోడ్డు మీద రెండు గదుల వాటా. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకల్లా ఒక్కో కారణం చెప్పేవాడు, ఏదీ రెండోసారి చెప్పేవాడు కాదు. తోటివాళ్లు ఒక్కొక్కరే పోయారు. బజ్జీలామె పోయింది, బ్యాంకు గుమాస్తా పోయాడు. ఒక సీనులో ఎవరు ఏమన్నారో ఆయనకు అనుమానం వస్తే అడగడానికి మనిషి లేకుండా అయింది. ఇంటి యజమానురాలు చెప్పేది, సారు ఒక్కడే కూర్చుని నలుగురి గొంతులతో మాట్లాడుతుంటడని. ఆమె మొదట్లో చుట్టాలు వచ్చారనుకుని చాయ్ పెట్టి తీసుకెళ్లిందట, నాలుగు గ్లాసులు. చిన్నాయన ఆమెను నొప్పించడం ఇష్టంలేక నాలుగూ తాగాడు.

అప్పుడు నేనే ఒక మాట అన్నాను. చూసిన జనం ఉన్నారు కదా, వాళ్లను అడుగుదాం, గుర్తున్నది రాసుకుందాం అని. తప్పు చేసినవాళ్లకు ఇలాంటి ఉపాయాలు బాగా తడతాయి. ఆయన మొదట నవ్వాడు, మర్నాడే పొడుగు నోటుబుక్కు కొన్నాడు. రెండు వేసవి సెలవులు మేమిద్దరం బస్సుల్లో తిరిగాం. పూడూరు, తాండూరు నాపరాళ్ల యార్డులు, కుల్కచర్ల. నలభై ఐదేళ్లు దాటిన మనిషి కనబడితే చాలు, నమస్తే పెట్టి, ఫోన్ సీరియల్ అని ఒకటి వచ్చేది, యాదికున్నదా అని అడిగేవాడు. తనెవరో చెప్పేవాడు కాదు. చాలామందికి గుర్తు లేదు. కొందరికి పాట గుర్తుంది, కొందరికి తాత కళ్లజోడు గుర్తుంది. ఒక్కోసారి ఒకరు పూర్తి సీను చెప్పేవాళ్లు. అప్పుడు ఆయన పెన్సిల్ ఎంత వేగంగా నడిచేదో.

కుల్కచర్లలో ఒక కిరాణా దుకాణం అరుగు మీద ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. చిన్నాయన అడిగీ అడగకముందే మొదలుపెట్టింది.

"యాదికుండకేంది సార్. ఒకపారి ఫోన్ ఖరాబైతది. వారం దినాలు కుయ్యిమనదు, కయ్యిమనదు. గల్లీ అంత చిన్నబోతది. గప్పుడు గా ముసలాయన ఏం జేస్తడు, రోజు పొద్దుగాల ఉత్త ఫోనే ఎత్తి మాట్లాడ్తడు. నీ కొడుకు మంచిగున్నడట, నీ బిడ్డ అన్నం తిన్నదట అని అందరికి కబుర్లు చెప్తడు."

"ఆఖరికి ఏమైతదమ్మా?" అన్నాడు చిన్నాయన.

"ఏమైతది, లైన్‌మెన్ వచ్చి బాగు చేస్తడు. అందరు సంబురపడ్తరు. ముసలాయన ఒక్కనికే ముఖం చిన్నబోతది."

ఆయన అంతా రాసుకున్నాడు. ఆమె పేరు అడిగి అదీ రాసుకున్నాడు. బస్సు పరిగి దాటింది. తర్వాత అన్నాడు, "అది నేను రాయలేదు బిడ్డా. అసువంటి ఎపిసోడే లేదు. గా తల్లి ఇంట్ల కూసోని సొంతంగ అల్లుకున్నది." మళ్లీ నోటుబుక్కు తెరిచి, "నేను రాసినయాటి కన్న మంచిగున్నది" అన్నాడు. ఆ మాటలో కుళ్లు లేదు, వగపు లేదు. నోటుబుక్కులో దాన్ని పద్నాలుగో వారం అని రాసుకున్నాడు.

మొత్తం మీద తొమ్మిది వారాలు దొరికాయి, కొన్ని కుంటివి, కొన్ని గుడ్డివి. నాలుగు దొరకలేదు. వాటికి పేజీలు ఖాళీగా వదిలాడు.

చెప్పాలని నేను ప్రయత్నించని రోజు లేదని అనను, కానీ మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఒకసారి అనంతగిరి గుడి మెట్ల మీద కూర్చున్నాం. "చిన్నాయనా, ఆ క్యాసెట్లు" అన్నాను. "బిడ్డా, గా కోతిని చూడు, నీ సంచి దిక్కే చూస్తున్నది" అన్నాడు. కోతి నిజంగానే ఉంది. ఇంకోసారి ఆయన గదిలో మొదలుపెడితే, నీ బండికి టైమైంది లే లే అన్నాడు. బండికి ఇంకా గంట ఉంది. మూడోసారి దవాఖాన బయట బెంచీ మీద. అప్పుడు నా చెయ్యి తట్టి, "జర గా మందుల చీటి చదువు, కండ్లు కనవడ్తలేవు" అన్నాడు. చీటి చదివాను. ధైర్యం లేదని నన్ను నేను తిట్టుకున్నాను గాని, ఆయన ప్రతిసారీ అదే చోట మాట ఎందుకు మళ్లిస్తున్నాడో ఆలోచించలేదు.

పదో రోజుకు పెట్టడానికి ఆయన ఫోటో ఒక్కటి లేదు. ఎప్పుడూ కెమెరాకు అవతల ఉన్న మనిషి. గదంతా వెతికితే ఆధార్ కార్డులోదే దొరికింది. అందులో ఆయన దొంగతనానికి దొరికినవాడిలా ఉన్నాడు. అప్పుడు నా పెళ్లి వీడియోలో ఎక్కడో ఒకచోట ఉంటాడు కదా అని తట్టింది. అటక మీది పెట్టెలోంచి మూడు క్యాసెట్లూ దింపాను. ముప్పై ఏళ్లలో వాటిని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి.

మా పెళ్లి తీసిన వీడియో ఆయన ఇంకా తాండూరులోనే ఉన్నాడు. బస్టాండు దగ్గర స్టూడియో ఇప్పుడు కొడుకు చూసుకుంటాడు. పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని మాత్రం ఈయనే చేస్తాడు. క్యాసెట్టు తిప్పి చూసి, మూల అతికించిన ప్లాస్టర్‌ను వేలితో తడిమాడు.

"గీ ప్లాస్టర్ యాదికున్నదమ్మా నాకు. ఇది మీ చిన్నాయన అతికిచ్చిండు."

అర్థం కాక చూశాను.

"ఆ దినం నేనొక్కన్నే వచ్చిన, లైటు పట్టుకునేటందుకు మనిషి లేడు. మీ చిన్నాయననే పట్టుకున్నడు పెండ్లంత. మీ అమ్మ గీ క్యాసెట్లు తెచ్చియ్యంగనే చూసిన, పలకలు విరిగున్నయి. లోపట ఏదో ఉన్నదని అనుమానమొచ్చి ఆయన్నే అడిగిన, సార్ ఇవి వాడాల్నా వద్దా అని. చేతులకు తీస్కొని చూసిండు. ఎవరియ్యమన్నరు అన్నడు. పెండ్లిపిల్లనే తెప్పియ్యమన్నదట అన్న. ఇగ నా పెట్టెలకెళ్లి ప్లాస్టర్ తీస్కోని మూడిటికి తనే అతికిచ్చిండు."

"ఏమన్నడు?" అన్నాను.

"నావే, మల్ల తీస్త అన్నడు. పెండ్లి మల్ల తియ్యరాదు గద అన్నడు. నాకెరుకైనట్టు బిడ్డకు చెప్పకు, మనసుల పెట్టుకుంటది అన్నడు. అడిగిండని ఇన్నేండ్లు నేను గూడ చెప్పలేదు. ఇగ ఆయనే లేకపాయె."

అంటే ఏడో నెలలో నేను చెదలు అన్నప్పుడు ఆయనకు తెలుసు. చానల్ కుర్రాడికి చెప్పినప్పుడూ తెలుసు. గుడి మెట్ల మీద, దవాఖాన బెంచీ మీద తెలుసు. నేను దాచానని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకు తెలియదు. ప్రతి ఆదివారం ఆ రెండు గదుల్లో ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగాం. చెప్పనిచ్చి ఉంటే ఏం పోయేది అని స్టూడియోలో నిలబడి ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం చూపించడానికి కూడా మనిషి లేడు. వీడియో ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చి మొన్న ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కదాన్నే చూశాను. ఆయన మొహం కోసం మొదటి నుంచి చివరి దాకా వెతికాను. మా నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, పోయిన చుట్టాలంతా ఉన్నారు. ఆయన లేడు. లైటు పట్టుకున్నవాడు బొమ్మలో పడడు. పదో రోజు ఫోటోకు ఆధార్‌దే పెద్దది చేయించాం.

రెండో క్యాసెట్టులో తలంబ్రాల దగ్గర ఒక చోట ఉంది. నేను తల వంచుకుని ఉన్నాను. ఉన్నట్టుండి తలెత్తి, కెమెరాకు కాస్త ఎడమ పక్కకు చూశాను. చూసి, నవ్వాను. పెళ్లికూతురు నవ్వకూడనంత గట్టిగా, కొంగు జారేంతగా. అమ్మ నా భుజం నొక్కుతోంది. పెళ్లికొడుకు ఏమైందని చూస్తున్నాడు. ఆ పక్క నుంచి ఆయన ఏదో అన్నాడు. అప్పటికే ప్లాస్టర్ అతికించి వచ్చాడు, అయినా ఏదో అన్నాడు.

ఏమన్నాడో నాకు గుర్తు లేదు. ఆ రోజుల్లో పెళ్లి వీడియోలకు మాటలు తీసేసి సన్నాయి కలిపేవాళ్లు, అందులోనూ సన్నాయి ఒక్కటే వినబడుతోంది. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మళ్లీ చూశాను. నా నవ్వు ఉంది. ఎడమ పక్క నుంచి వెలుగు నా మొహం మీద పడుతూ ఉంది. నేను నవ్వుతున్నంత సేపూ ఆ వెలుగు సన్నగా ఊగుతూనే ఉంది.